సాక్ష్యం చెప్పాక భయం మళ్లీ వచ్చింది, నేను అబద్ధికురాలినా?

తిరుపతి నుంచి ఒక సోదరి చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఏరియా వేయవద్దన్నారు. అవసరమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త ఉద్యోగి, చర్చి సంఘంలో పెద్ద కూడా. ఒక్కతే కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పుట్టిల్లు పలమనేరు. కిందటేడాది ఒక రాత్రి పదకొండున్నర దాటాక అమ్మ ఫోన్ చేసింది. ఈమె ఫోన్ సైలెంట్‌లో ఉంది. భర్త రైల్లో ఉన్నారు, ఆయన ఫోన్ కలవలేదు. తెల్లవారుజామున చూసుకుంటే తొమ్మిది మిస్డ్ కాల్స్. నాన్నకు గుండెపోటు వచ్చి, ఆసుపత్రికి చేరేలోపే పోయారు.

ఆ తర్వాత రెండు నెలలకు మొదలైంది. రాత్రి రెండు గంటలప్పుడు ఉలిక్కిపడి లేవడం, గుండె దడదడ కొట్టుకోవడం, ఊపిరి చాలనట్టు ఉండటం, వేళ్లు తిమ్మిరెక్కడం, "ఇక అయిపోయింది, చచ్చిపోతున్నాను" అనిపించడం. రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తారు. రెండుసార్లూ ఈసీజీ నార్మల్. అక్కడి డాక్టరు మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే, ఆయన ఇవి పానిక్ అటాక్స్ అని చెప్పి మాత్రలు రాశారు. "వాక్యం చదివితే పోయేదానికి పిచ్చి మాత్రలు ఎందుకు?" అన్నారట భర్త. రెండు రోజులు వేసుకుని మానేశారు.

స్త్రీల కూడికలో మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. ఒక సహోదరి "నువ్వు ఎక్కడో తలుపు తెరిచావు, అపవాది (సాతాను) అక్కడ దూరాడు" అంది. తర్వాత పది రోజులు హాయిగా నిద్ర పట్టింది. ఆదివారం ఆరాధనలో లేచి, భయం నన్ను విడిచిపోయిందని సాక్ష్యం చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గురువారం రాత్రే మళ్లీ వచ్చింది.

అప్పటి నుంచి ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. పాటలు నడిపించేటప్పుడు మైకు పట్టుకున్న చెయ్యి వణికితే రెండో చెయ్యి ఆసరా పెడుతున్నారు. దిండు కింద బైబిలు, దాని పక్కన కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు. కీర్తన చదవడం, ప్రార్థించడం, వేలు పెట్టి నంబరు చూడటం, మళ్లీ ప్రార్థించడం. పలమనేరు వెళ్లి నాలుగు నెలలైంది. కిందటిసారి మొగిలి ఘాట్ ఎక్కుతుండగా ఊపిరాడక బస్సు ఆపించి దిగిపోయారు. "ఎప్పుడొస్తావే?" అని అమ్మ అడిగితే స్కూల్లో పరీక్షలని చెబుతున్నారు.

ఆమె ప్రశ్నలు: సాక్ష్యం చెప్పి మళ్లీ భయపడుతున్న నేను అబద్ధికురాలినా? మాత్రలు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనా? అమ్మ దగ్గరికి ఎలా వెళ్లాలి? చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో మాట రాశారు: "ఇలా బతికేకంటే ప్రభువు తీసుకుపోతే బాగుండు అనిపిస్తోంది ఒకోసారి."

అమ్మా, వందనాలు.

ఆ చిన్న అక్షరాల మాట దగ్గరే మొదలుపెడతాను. అలసిపోయి అన్న మాటే కావచ్చు. అలాగే ఏలీయా ప్రవక్త కూడా చెట్టు కింద పడుకుని, చాలు ప్రభువా, నా ప్రాణం తీసేయమన్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టించాడు, నీళ్లిప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. కాబట్టి ఆ మాట వచ్చినందుకు సిగ్గుపడకండి. కానీ దాన్ని లోపలే పెట్టుకోకండి. ఆ ఆలోచన తరచుగా వస్తున్నా, ఎలా చేసుకోవాలి అనే దాకా పోయినా, ఆ నిమిషమే భర్తను లేపండి. లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

ఇక సాక్ష్యం సంగతి. మీ ఉత్తరంలో నాన్నగారి మరణం కంటే ఎక్కువ పేజీలు దీనికే పోయాయి, గమనించారా?

దావీదు కథ మీకు తెలిసిందే, కానీ ఒక ముక్క మళ్లీ చదవండి. మొదటి సమూయేలు 21వ అధ్యాయం. సౌలుకు భయపడి పారిపోయి గాతుకు వెళ్తాడు. అక్కడి రాజు ఆకీషును చూసి మరీ భయపడతాడు. పిచ్చివాడిలా నటిస్తాడు, తలుపుల మీద గీతలు గీస్తాడు, గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటాడు. గొల్యాతును కొట్టినవాడేనా అనిపిస్తుంది. ఇప్పుడు 56వ కీర్తన, 34వ కీర్తన తీసి వాటి పైనున్న శీర్షికలు చూడండి. రెండింటినీ ఈ ఘట్టానికే ముడిపెడతాయి. 56లో, భయం కలిగిన రోజున నిన్ను ఆశ్రయిస్తాను అంటాడు. 34లో, నా భయాలన్నిటిలోనుంచి ఆయన నన్ను తప్పించాడు అంటాడు. ఆ రెండోది సాక్ష్యం, మీరు ఆ ఆదివారం చెప్పినలాంటిదే.

తర్వాత ఏమైంది? మొదటి సమూయేలు 27వ అధ్యాయం మొదటి వచనంలో అదే దావీదు, ఏదో ఒక రోజు నేను సౌలు చేతిలో చచ్చిపోతాను అని మనసులో అనుకుంటాడు. లేచి ఎక్కడికి పోతాడు? మళ్లీ ఆ గాతుకే, ఆ ఆకీషు దగ్గరికే. భయం తిరిగొచ్చిందని 34వ కీర్తనను ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. ఆదివారం ఆరాధనల్లో ఇప్పటికీ చదువుకుంటున్నాం. మీరు సాక్ష్యం చెప్పిన రోజున పది రాత్రులు నిద్రపోయిన మాట నిజం. ఉన్నదే చెప్పారు. ఇకముందు ఎప్పుడూ రాదని మీరు హామీ ఇవ్వలేదు, ఇచ్చే అధికారం మీకు లేదు కూడా. అబద్ధం అంటూ ఉంటే అది ఆ తర్వాత మొదలైంది, చెయ్యి వణుకుతుంటే రెండో చెయ్యి అడ్డం పెట్టడంలో. దాన్నీ నేను పాపం అనను, పాపం అంతకంటే బరువైన మాట. కానీ అది మిమ్మల్ని ఒంటరిని చేస్తోంది.

ఇక్కడ మీ ముందు దారులున్నాయి. ఎవరికీ చెప్పకుండా ఉండిపోవచ్చు. గౌరవం నిలబడుతుంది, కానీ ప్రతి ఆదివారం పరీక్ష రాసినట్టే ఉంటుంది, భయానికి తోడు బయటపడతాననే భయం ఒకటి. లేదా పాస్టరు అయ్యగారికి, ఆయన భార్య అమ్మగారికి మాత్రం విడిగా చెప్పవచ్చు. నా మాట అడిగితే ముందు అమ్మగారితో మొదలుపెట్టమంటాను. పాస్టర్ల ఇళ్లలో ఆడవాళ్లకు ఇలాంటి రాత్రులు మనం అనుకునేకంటే బాగా తెలుసు. ఆమె నోరు జారే మనిషైతే మాట కూడికంతా పాకే ప్రమాదం ఉంది. ఆమె ఎలాంటివారో మీకే తెలుసు. కొన్నాళ్లు పాటలు నడిపించడం మానుకుంటానని అడగడానికి కూడా అదే సందర్భం. సంఘమంతటి ముందు మళ్లీ నిలబడి సరిచేయాల్సిన బాధ్యత మాత్రం మీ మీద లేదు. ఎప్పుడో మనసు కుదుటపడ్డాక, ఆ పది రాత్రులకూ తర్వాతి రాత్రులకూ కలిపి దేవుణ్ణి స్తుతించాలనిపిస్తే అప్పుడు చెప్పండి. అనిపించకపోయినా ఫరవాలేదు.

తలుపు తెరిచావు అన్న సహోదరి గురించి ఎక్కువ రాయను. మత్తయి 4వ అధ్యాయం చివర్లో యేసు దగ్గరికి తెచ్చినవాళ్ల జాబితా ఉంది. అందులో రోగులను, దయ్యం పట్టినవారిని విడివిడిగా చెప్పాడు మత్తయి. ఆయనకు తెలిసిన తేడా మనకూ తెలిసి ఉండాలి. నాన్న పోయిన బిడ్డ మొహం మీద ఆ మాట అనడం నాకు నచ్చలేదు. పక్కింటావిడ తాయెత్తు కట్టించుకోమన్నారని కూడా రాశారు. ఆవిడ ప్రేమతో అన్నారు, మీరు ప్రేమగానే వద్దనండి. దానికి రెండు రోజులు కుమిలిపోవడం ఎందుకు?

ఇప్పుడు ఆ ఆక్సీమీటరు గురించి.

పానిక్ అటాక్‌లో జరిగేది ఇది. ఒంట్లో ప్రమాదానికి సిద్ధం చేసే వ్యవస్థ ఒకటుంది. అది అక్కర్లేనప్పుడు రేగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గబగబా తీసుకుంటాం. అలా ఎక్కువగా తీసుకోవడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి చచ్చిపోతున్నామని ఇంకా భయపడతాం, ఇంకా గబగబా పీలుస్తాం. మామూలుగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, మెల్లగా తగ్గుతుంది. ఎంత భయంకరంగా అనిపించినా అటాక్ దానంతట అదే దిగుతుంది. థైరాయిడ్, రక్తహీనత కూడా గుండెదడ తెస్తాయి. ఆ పరీక్షలు చేశారో లేదో మీరు రాయలేదు, చేయకపోతే చేయించండి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చి చేతికో దవడకో పాకితే అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు రాత్రుళ్లు చేస్తున్నది చూడండి. కీర్తన చదివి, భయం పోయిందా అని నంబరు చూస్తున్నారు. పోలేదు. మళ్లీ ప్రార్థన, మళ్లీ నంబరు. నాటిన విత్తనం మొలిచిందా అని గంటకోసారి తవ్వి చూసినట్టుంది ఇది. ప్రార్థన ఆశ్రయంగా ఉండాల్సింది పోయి, మీ విశ్వాసానికి రాత్రి రెండు గంటలకు పెట్టే టెస్టు అయిపోయింది. ఆ టెస్టులో ఫెయిలైనట్టు అనిపించిన ప్రతిసారీ భయం ఇంకో మెట్టు ఎక్కుతుంది. 56వ కీర్తన మాటను ఈ కోణంలో చూడండి. భయం పోయాక ఆశ్రయిస్తాను అనలేదు దావీదు. భయం ఉన్న రోజునే ఆశ్రయిస్తానన్నాడు. రెండూ ఒకే రోజు, ఒకే మంచం మీద ఉండవచ్చు. గెత్సేమనేలో మన ప్రభువే కలవరపడ్డాడు, చెమట రక్తపు బిందువుల్లా కారింది, స్నేహితులను మెలకువగా ఉండమని బతిమాలాడు. ఆయనకు విశ్వాసం తక్కువైందని మీ కూడికలో ఎవరైనా అంటారా?

కాబట్టి ఆక్సీమీటరును బీరువాలో పెట్టి తాళం మీ అమ్మాయికివ్వండి. మొదటి రెండు మూడు రాత్రులు చెయ్యి దిండు కిందకు పోతుంది, పోనీయండి. దడ మొదలైతే లేచి కూర్చుని, 23వ కీర్తనలోంచి ఒక్క ముక్క తీసుకోండి: నీవు నాకు తోడైయుందువు. ముక్కుతో మామూలుగా గాలి తీసుకుని, వదిలేటప్పుడు ఆ మాటను మనసులో నెమ్మదిగా సాగదీయండి. వదలడం తీసుకోవడం కంటే ఎక్కువసేపు ఉండాలి. తగ్గిందా అని చూసుకోవద్దు. తగ్గకపోయినా ఆయన తోడున్నాడనే మీరు చెబుతున్నది. బైబిల్లో భయపడకు అన్న మాట 365 సార్లు ఉందని ప్రసంగాల్లో చెబుతుంటారు. లెక్కపెడితే అన్ని రావు. మీకు అన్ని అక్కర్లేదు కూడా, ఈ ఒక్కటి చాలు.

ఫోన్ సంగతి కూడా చూసుకోవాలి. సైలెంట్‌లో పెట్టడానికి ఇప్పుడు మీకు భయం, పెట్టకపోతే ప్రతి శబ్దానికీ ఉలికిపాటు. రాత్రిపూట అమ్మ నంబరు ఒక్కటే మోగేలా సెట్టింగ్ ఉంటుంది, అమ్మాయి రెండు నిమిషాల్లో చేసిపెడుతుంది.

మాత్రల విషయంలో మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఇప్పుడున్నట్టే ప్రార్థనతో మాత్రమే కొనసాగడం ఒకటి. కొందరికి కాలక్రమంలో తగ్గుతుంది, కానీ మీరు బస్సు ఎక్కడం మానేశారు, అమ్మ దగ్గరికి పోవడం మానేశారు. భయం కోసం ఒక్కో పని వదిలేసుకుంటూ పోతే అది ఇంకో పనికి ఎగబాకుతుంది. మందుల్లేకుండా కౌన్సెలింగ్ తీసుకోవడం రెండోది. పానిక్‌కు అది బాగా పనిచేస్తుంది, కానీ వారం వారం వెళ్లాలి, ఇచ్చిన సాధన ఇంట్లో చేయాలి, ఓపిక కావాలి. మూడోది మందూ కౌన్సెలింగూ కలిపి. నిద్రలేని మనిషికి సాధన చేసే సత్తువ ముందు రావాలి కాబట్టి చాలామంది డాక్టర్లు దీనివైపు మొగ్గుతారు. నాకూ మీ విషయంలో ఇదే సరైనదనిపిస్తోంది. ఏ మాత్ర రాశారో మీరు చెప్పలేదు. పానిక్‌కు సాధారణంగా వాడే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కాస్త ఆందోళన పెరిగినట్టు కూడా ఉండవచ్చు. రెండు రోజులకే మానేసిన మీకు ఇది తెలియడం ముఖ్యం. వాటికి నిద్రమాత్రల్లాగా అలవాటు పడిపోరు, కానీ కుదురుకున్నాక డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. వెంటనే మత్తునిచ్చే రకం ఏదైనా రాసి ఉంటే, అది ఎన్నాళ్లో ముందే అడగండి.

వెళ్లడానికి దూరం అక్కర్లేదు, తిరుపతి రుయా ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. ఊళ్లో తెలిసినవాళ్లు చూస్తారనుకుంటే వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ల మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది. చిత్తూరు దాటితే గంటలో చేరతారు, మన జిల్లావాళ్లకు కొత్త కూడా కాదు.

ఆ సీఎంసీ పేరు మీ వారితో మాట్లాడటానికీ పనికొస్తుంది. ఐడా స్కడ్డర్ అనే మిషనరీ డాక్టరమ్మ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యమది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీ రోగులకు శానిటోరియం కట్టిందీ మిషన్లే. ప్రార్థన తెలియక వాళ్లు ఆసుపత్రులు కట్టలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. పైగా మీ వారు రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక బీపీ మాత్ర వేసుకుంటారని మీరే రాశారు! దాన్ని ఎత్తిపొడుపుగా అనకండి, పంతానికి పోతారు. "మీ మాత్ర మీద మీకు నమ్మకం ఉన్నట్టే నాకూ ఉండనివ్వండి, మాత్ర వేసుకున్నాక నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయండి" అనండి. రాత్రి రెండింటికి లేచి మీతో కూర్చునే మనిషి ఆయన. అది చిన్న విషయం కాదు. ఆయనకు మీ జబ్బు అర్థం కాలేదు, అంతే. డాక్టరు దగ్గరికి ఈసారి ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. మీరు వంద సార్లు చెప్పినదాని కంటే డాక్టరు నోట ఒక్కసారి వింటే ఎక్కుతుంది.

ఇక అమ్మ. ఆ తొమ్మిది మిస్డ్ కాల్స్. ఎత్తి ఉంటే ఏమయ్యేదని మీరు అడిగారు. తిరుపతి నుంచి అర్ధరాత్రి బయల్దేరినా రెండున్నర, మూడు గంటలు. మీ అన్నదమ్ములాంటి ఇరుగుపొరుగు నాన్నను అప్పటికే ఆటో ఎక్కించారు. లెక్కల టీచరు కాబట్టి ఈ లెక్క మీకు ఎప్పుడో తేలింది, అయినా మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే ఇది లెక్కకు సంబంధించింది కాదు, దుఃఖం. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడని మార్త ప్రభువుతోనే అంది, మరియా అదే అంది. ఆయన వాళ్లకు జవాబుగా లెక్క చెప్పలేదు, కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఏం జరిగిందని మీరు అమ్మను ఇంతవరకు అడగనే లేదట. అడగాలి. నాన్న చివరగా ఏమన్నారు, ఎవరెవరు వచ్చారు, అమ్మ ఎక్కడ కూర్చుంది. మీకు తెలియనిదాన్ని మీ మనసు రోజూ రాత్రి కొత్తగా ఊహించుకుంటోంది. ఈ మాటలు ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని.

అమ్మనే తిరుపతి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. తెచ్చుకోవచ్చు. ఈ నెలకు అది సులువు. కానీ నాన్న ఉన్న ఇల్లు వదిలి ఆమె రావాలనుకుంటున్నారో లేదో అడగాలి. పైగా మొగిలి ఘాట్ మీ మనసులో ఇంకా ఎత్తుగా పెరుగుతుంది. డాక్టరుతో చెప్పి, మెల్లమెల్లగా వెళ్లే దారి ఎంచుకోవడం నయం. మొదట మీ వారితో బస్సులో చంద్రగిరి దాకా వెళ్లి రండి. దడ వస్తే దిగొద్దు. తారస్థాయికి చేరి దిగేదాకా సీట్లోనే ఉండండి, అది దిగుతుందని ఒంటికి తెలియాలి. రెండు మూడుసార్లు అయ్యాక పూతలపట్టు, తర్వాత చిత్తూరు. చిత్తూరులో కాసేపు తిరిగి, టిఫిన్ చేసి రండి. తర్వాత బంగారుపాళెం. ఘాట్ చివర్లో. ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోతే వెనక్కి ఒక మెట్టు దిగి అక్కడే ఇంకో వారం. ఓటమి ఏమీ కాదు. ఈలోగా అమ్మకు పరీక్షల సాకు చెప్పడం ఆపండి. "అమ్మా, బస్సెక్కితే నాకు భయమేస్తోంది, నేర్చుకుంటున్నాను, వస్తాను" అనండి. కూతురికి తనను చూడాలని లేదేమో అనుకుంటూ ఆమె ఒంటరిగా కూర్చునేకంటే ఇది వెయ్యి రెట్లు నయం.

"అమ్మా, నాకూ వస్తుందా?" అని మీ అమ్మాయి అడిగితే నోరు మూయించానని బాధపడ్డారు. ఈరోజే పిలిచి చెప్పండి. కుటుంబాల్లో కొంత ఉంటుంది, వచ్చి తీరాలని లేదు, వస్తే మందు ఉంది, సాధన ఉంది, దేవుడున్నాడు, అమ్మ ఉంది. ఇంటర్ పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. టెన్షన్ పడిన రాత్రి ఆ పిల్ల మీకు చెప్పకుండా దిండు కింద ఏదో దాచుకోకుండా ఉండాలంటే, ముందు మీరు చెప్పాలి.